7 ఏహెచ్ హ్యామ్ రేడియో బ్యాటరీకి ఎక్స్ఎల్4015 బోర్డు: కొనొచ్చు, కొన్నది కొన్నట్టు తగిలిస్తే మాత్రం బ్యాటరీ పోతుంది

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనూ, ఆన్‌లైన్‌లోనూ మూడు వందల లోపే దొరికే చిన్న బోర్డు ఇది. హ్యామ్ (అభిరుచి కోసం నడిపే) రేడియో సెట్టుకి వాడే 12 వోల్టుల బ్యాటరీని దీనితో నింపొచ్చు. నడుమ ఎక్స్ఎల్4015 చిప్పు, పక్కన రాగి తీగ చుట్టిన కాయిల్, రెండు నీలం ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసేవి). అమ్మేవాళ్లు దీన్ని '5 ఆంప్స్ బ్యాటరీ ఛార్జర్' అంటారు. ఆ మాట సగమే నిజం. ఇది వోల్టేజీకీ కరెంటుకీ విడివిడిగా హద్దు పెట్టగల బక్ కన్వర్టర్ (వోల్టేజీని దించే సర్క్యూట్), అంతే. బ్యాటరీ నిండిందని దానికి తెలియదు, తనంతట తాను ఆగదు, ఎండకు తగ్గట్టు వోల్టేజీ మార్చుకోదు. అయినా పాత ట్రాన్స్‌ఫార్మర్ కారు ఛార్జర్‌తో పోలిస్తే 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ పట్టే ఛార్జ్ కొలత) సీల్డ్ లెడ్-యాసిడ్ బ్యాటరీకి ఇదే నయం. రెగ్యులేషన్ లేని కారు ఛార్జర్ నాలుగైదు ఆంప్స్ తోసి, చివర్లో 16 వోల్టులు దాటిస్తుంది. సీల్డ్ బ్యాటరీలో మళ్లీ నీళ్లు పోసే దారి లేదు, ఎండిపోతే ఎండిపోయినట్టే.

ముందు బ్యాటరీ మీద అచ్చు వేసింది చదవండి. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీల మీద ఎక్కువగా ఉండేది ఇది: సైక్లిక్ యూజ్‌కి 14.4 నుంచి 15.0, స్టాండ్‌బైకి (ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి ఉంచేందుకు) 13.5 నుంచి 13.8 వోల్టులు, మొదటి కరెంటు 2.1 ఆంప్స్ మించకూడదు. రేడియోకి వాడి, దించి, మళ్లీ నింపేది సైక్లిక్ యూజ్. దానికి కింది అంచు 14.4 వోల్టులు, కరెంటు 1 ఆంప్ చాలు. జెల్ రకమైతే 14.1 దాటించొద్దు.

ఇన్‌పుట్‌కి పాత ల్యాప్‌టాప్ అడాప్టర్, 19 వోల్టులు, 3.42 ఆంప్స్‌ది, బాగా కుదురుతుంది. 12 వోల్టుల అడాప్టర్ పెట్టి 'బోర్డు పాడైంది' అని రివ్యూలు రాసేవాళ్లున్నారు. బక్ కన్వర్టర్ వోల్టేజీని దించగలదు గానీ పెంచలేదు కదా.

సెట్టింగ్ దగ్గరే అసలు పని. బ్యాటరీ తగిలించకుండా మొదలుపెట్టాలి. కరెంటు ప్రీసెట్ కొత్త బోర్డులో సాధారణంగా గరిష్ఠానికి తిప్పి ఉంటుంది. ముందు అవుట్‌పుట్ వోల్టేజీని సుమారు 14కి తేవాలి. ఇది చాలా చుట్లు తిరిగే ప్రీసెట్, కాబట్టి మొదటి పది చుట్లకు అంకె కదలకపోయినా కంగారు పడనక్కర్లేదు. తర్వాత కరెంటు ప్రీసెట్‌ని అపసవ్యంగా పూర్తిగా తగ్గించి, మల్టీమీటర్‌ని 10 ఆంప్స్ సాకెట్‌లోకి మార్చి, నేరుగా అవుట్‌పుట్ రెండు కొసల మధ్య పెట్టి, 1 ఆంప్ వచ్చేదాకా నెమ్మదిగా పెంచాలి. మీటర్ ప్రోబ్‌ని మళ్లీ వోల్టు సాకెట్‌లోకి మార్చడం మరిచిపోయి బ్యాటరీ మీద పెడితే ఫ్యూజు, ఒక్కోసారి మీటరే, పోతుంది.

ఇక బోర్డులో లేనిది, మీరు తప్పక చేర్చాల్సింది ఒక డయోడ్, కరెంటును ఒకే దిక్కుకి పోనిచ్చేది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ నుంచి కరెంటు వెనక్కి బోర్డులోకి పారుతుంది, ఎల్‌ఈడీలు వెలుగుతూనే ఉంటాయి, రాత్రికి రాత్రి ఛార్జ్ తగ్గుతుంది. అవుట్‌పుట్ ప్లస్‌లో 1ఎన్5822 షాట్కీ డయోడ్ వేస్తే ఇది ఆగుతుంది. అయితే డయోడ్ కొంత వోల్టేజీ తినేస్తుంది, అదీ కరెంటును బట్టి మారుతుంది. అందుకే ఆఖరి వోల్టేజీని డయోడ్ తర్వాత, 100 ఓమ్, 5 వాట్ రెసిస్టర్ లోడ్‌గా పెట్టి సరిచేయాలి. అప్పుడు పారేది దాదాపు 0.14 ఆంప్స్, అంటే ఛార్జ్ ముగింపులో బ్యాటరీ తీసుకునేంత. అక్కడ 14.4 చూపిస్తే సరిపోయింది. ఫ్యూజు మాత్రం బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి నాలుగంగుళాల లోపే ఉండాలి, 5 ఆంప్స్ బ్లేడ్ ఫ్యూజు చాలు. షార్ట్ అయితే ఈ చిన్న బ్యాటరీ కూడా వైరు ఇన్సులేషన్ కాల్చేంత కరెంటు ఇస్తుంది.

మరో మెలిక: ఈ బోర్డుల్లో కరెంటు కొలిచే రెసిస్టర్ మైనస్ లైన్‌లో ఉంటుంది. ఇన్‌పుట్ మైనస్‌నీ అవుట్‌పుట్ మైనస్‌నీ ఒకే బోల్టుకి బిగిస్తే కరెంటు హద్దు పని చేయదు.

కోస్తాలోనైనా తెలంగాణలోనైనా మే నెలలో గది 40 డిగ్రీలుంటుంది. లేబుల్ అంకెలు 25 డిగ్రీలకు చెప్పినవి. డిగ్రీకి సుమారు 30 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించుకుంటే 14.4 కాస్తా 14.0 దగ్గర ఆగాలి. వేడి బ్యాటరీ ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. కేసు ఉబ్బేది అప్పుడే.

సగం ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి ఆరేడు గంటలు, బాగా దించితే పది దాకా పడుతుంది. కరెంటు 0.1 ఆంప్‌కి తగ్గితే నిండినట్టు, తీసేయాలి. పన్నెండు గంటలైనా 0.3 కంటే తగ్గకపోతే లోపల ఒక సెల్ షార్ట్ అయి ఉండవచ్చు. విశ్రాంతిలో 10.5 దగ్గర నిలిచే బ్యాటరీ ఆ కోవలోదే, దాన్ని బాగుచేయబోవద్దు. రాత్రంతా వదిలేయాలంటే వోల్టేజీని 13.6కి దించండి, నింపడం ఆలస్యమవుతుంది గానీ హాని లేదు. అప్పుడు కూడా ప్లగ్గు దగ్గర టైమర్ ఉండాలి. ఎందుకంటే ఈ చిప్పు షార్ట్ అయి చస్తే అడాప్టర్ 19 వోల్టులు తిన్నగా బ్యాటరీకి వెళ్తాయి. రేడియో కూడా తగిలి ఉంటే? ఎఫ్‌టీ-818 అనే చిన్న హ్యామ్ సెట్టు ఓర్చుకునేది 16 వోల్టుల దాకానే. ఛార్జింగ్‌లో రేడియో వైరు ఊడదీసి ఉంచడమే పద్ధతి. బ్యాటరీని మూత బిగిసే పెట్టెలో కూడా ఛార్జ్ చేయకూడదు. గాల్లో హైడ్రోజన్ 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎంతసేపు వస్తుంది? ఎఫ్‌టీ-818 వినడానికి సుమారు 0.45 ఆంప్స్, 5 వాట్ల ప్రసారానికి 2 ఆంప్స్ పైన లాగుతుంది. ఎక్కువ వినడం, తక్కువ మాట్లాడడం అనుకుంటే సగం బ్యాటరీతో ఐదు గంటలు. సగం దగ్గరే ఆపండి (విశ్రాంతిలో 12.1 అలా ఉంటుంది), పూర్తిగా దించే అలవాటు బ్యాటరీ ఆయుష్షుని సగానికి తెస్తుంది. 100 వాట్ల సెట్టుకి 7 ఏహెచ్ పెట్టడం దండగ. 20 ఆంప్స్ పైన లాగగానే వోల్టేజీ 11.7 కిందికి జారి సెట్టు ఆగిపోతుంది. వాడాక ఆ రోజే నింపాలి, ఖాళీగా అటకెక్కిస్తే సల్ఫేషన్ (లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడడం) పట్టి మళ్లీ లేవదు.

నాకు దీనిలో అసలు నచ్చనిది రేడియోలో వినిపించే రొద. 180 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతుంది గనక దాని 39వ హార్మోనిక్ (39 రెట్ల ఫ్రీక్వెన్సీ) 7.02 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో, సరిగ్గా మన హ్యామ్‌ల 40 మీటర్ల బ్యాండ్‌లో, పడుతుంది. అడాప్టర్ రొద దానికి అదనం. రెండు వైర్లనూ కలిపి ఫెర్రైట్ రింగులో ఏడెనిమిది చుట్లు తిప్పితే తగ్గుతుంది, పూర్తిగా పోదు. 40లో బలహీనమైన స్టేషన్లు వినాలంటే ప్లగ్గు పీకేయాల్సిందే.