నాలుగు కాళ్లు సరే, నడుము ఏదీ? కాగితపు జంతువుకు ఏ బేస్ మేలు

కాగితంతో కొంగను మడవడం వచ్చిన పిల్లవాడు మరునాడే ఆవునో ఏనుగునో మడుస్తానంటాడు, చిక్కు అక్కడే మొదలవుతుంది. కొంగకు మెడ, తోక, రెండు రెక్కలు కలిపి నాలుగు మొనలు చాలు. చతురస్రానికి మూలలూ నాలుగే కనుక లెక్క తనంతట తానే కుదురుతుంది. నాలుగు కాళ్ల జంతువుకు తల, తోకలతో కలిపి ఆరు మొనలు కావాలి. ఆ మిగిలిన రెండింటినీ ఎక్కడి నుంచి తేవాలన్నదే ఒరిగామిలో పాత ప్రశ్న. విజయనగరంలో ఆదివారాలు కొందరు పిల్లలకు మడతలు నేర్పే నేను, వృత్తిరీత్యా లెక్కల మాస్టారిని కావడం వల్ల, కొన్నాళ్లుగా ఒక్కొక్క బేస్‌నూ స్కేలు పెట్టి కొలిచి చూస్తున్నాను. బేస్ అంటే జంతువు రూపం ఇంకా రాకముందు, మొనలన్నీ విడివడి సిద్ధంగా ఉన్న మడత దశ.

మాకు తేలికగా దొరికేది జిరాక్సుకు వాడే ఏ-4 కాగితమే. దాని కొలత 29.7 సెంటీమీటర్లు, 21 సెంటీమీటర్లు. అదనపు పట్టీని కోసేస్తే 21 సెంటీమీటర్ల చతురస్రం మిగులుతుంది. ఈ కింది కొలతలన్నీ ఆ చతురస్రానివే.

చేప బేస్ అన్నిటిలోకీ సులువు. ఎదురెదురు మూలల నుంచి 14.8 సెంటీమీటర్ల పొడవైన మొనలు రెండు, మిగతా మూలల నుంచి 6.2 సెంటీమీటర్ల పొట్టి మొనలు రెండు వస్తాయి. నిలబడిన జంతువుకు ఇది పనికిరాదు, కాళ్లు రెండే కనుక. కానీ కూర్చున్న జంతువుకు వెనక కాళ్లను చూపవలసిన అవసరమేమిటి? పొట్టి మొనలు ముందరి కాళ్లుగా, ఒక పొడవు మొన తలగా, మరొకటి పైకి లేచిన తోకగా మారిస్తే ఉడుత చక్కగా కుదురుతుంది. తోక అంత పొడవు ఉండడం ఉడుతకు తప్పు కాదు సరికదా, అందం. చేప బేస్‌ను చిన్నపిల్లల మడతగా తీసిపారేసేవారితో నేను ఏకీభవించను.

పక్షి బేస్ మొనలు నాలుగూ సమానం, ఒక్కొక్కటి 10.5 సెంటీమీటర్లు. వాటి నడుమ, కాగితం కేంద్రం నుంచి వచ్చే అయిదో మొన ఒకటి ఉంది. దాని పొడవు 4.3 సెంటీమీటర్లు. కొంగను మడిచేటప్పుడు దాన్ని వీపుగా భావించి వదిలేస్తాం. ఆ అయిదో మొన సంగతికి మళ్లీ వస్తాను.

కప్ప బేస్ చూడగానే ఆశ పుడుతుంది. మూలల నుంచి నాలుగు మొనలు 7.4 సెంటీమీటర్ల చొప్పున, కేంద్రం నుంచి మరొకటి సరిగ్గా అంతే పొడవున, అంచుల మధ్య నుంచి నాలుగు చిన్నవి 3.1 సెంటీమీటర్ల చొప్పున, వెరసి తొమ్మిది. నాలుగు కాళ్లు, తొండం, రెండు చెవులు, తోక పోగా ఒకటి మిగులుతుంది కూడా. ఏనుగుకు ఇంతకంటే ఏం కావాలని ఉత్సాహంగా మడిచి పిల్లల ముందు పెట్టాను. ఒక అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, దీనికి నడుం ఏదండీ?" అని అడిగింది. చూస్తే నిజమే. నాలుగు కాళ్లూ ఒకే చోటి నుంచి బయలుదేరి గొడుగు ఊచల్లా విచ్చుకున్నాయి. లెక్కకు ఏనుగే, కంటికి మాత్రం పీట.

ఆ ప్రశ్న తరువాత నేను మొనలను లెక్కపెట్టడం తగ్గించి, అవి ఎక్కడ కలుస్తున్నాయో చూడడం మొదలుపెట్టాను. చేప, పక్షి, కప్ప బేస్‌లు మూడింటిలోనూ మొనలన్నీ ఒకే కూడలిలో కలుస్తాయి. నాలుగు మూలలనూ మొదట కేంద్రానికి మడిచి, ఆ చిన్న చతురస్రం మీద పక్షి బేస్ మడిచే పద్ధతి కూడా ఉంది. అందులోనూ తొమ్మిది మొనలే, కొలతలు కప్ప బేస్‌లోవే, కూడలీ ఒక్కటే, పైగా మందం ఎక్కువ. దాని గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు. నడుము అక్కరలేని జంతువు దొరికితే మాత్రం కప్ప బేస్‌కు సాటి లేదు. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లను చూసివచ్చిన పిల్లలకు నేను ఈ బేస్‌తోనే తాబేలు నేర్పుతాను: కాళ్లు నాలుగు మూలల నుంచి, తల కేంద్రం నుంచి వస్తాయి, చిన్న మొనలు లోపలికి పోతాయి, పొట్టిగా విచ్చుకున్న రూపం తాబేలుకు సహజంగా అమరుతుంది.

నడుము కావాలంటే రెండు దారులున్నాయి. మొదటిది ఒకే కాగితంతో, కత్తెర ముట్టకుండా సాధించడం. అమెరికాకు చెందిన జాన్ మోంట్రోల్ ఈ నియమానికి కట్టుబడి జంతువుల కోసమే కొత్త బేస్‌లు రూపొందించి పేరు పొందారు. భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ లాంగ్ ఇలాంటి బేస్‌లను గణితంతో ముందే లెక్కగట్టే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఆ పద్ధతి సారాంశం ఇది: ప్రతి మొనకూ కాగితం మీద దాని పొడవే వ్యాసార్ధంగా ఒక వృత్తం కేటాయించాలి, వృత్తాలు ఒకదాని మీదికి ఒకటి రాకూడదు, నడుముకు వాటి మధ్య ఒక పట్టీ వదలాలి. ఆ పట్టీని నది అంటారు. మూలలో పెట్టిన మొనకు పావు వృత్తం, అంచున పెట్టిన దానికి అర వృత్తం, మధ్యలో పెట్టిన దానికి పూర్తి వృత్తం కాగితం ఖర్చవుతుంది. అంటే ఒకే పొడవు మొనకు మూల కంటే మధ్యలో నాలుగు రెట్లు కాగితం పడుతుంది. కప్ప బేస్‌లో కేంద్రపు మొన అంత మొద్దుగా ఎందుకుంటుందో నాకు ఈ లెక్కతోనే బోధపడింది.

ఈ ప్రకారం నేనే ఒక ఆవుకు పథకం గీసుకున్నాను. కాళ్లు నాలుగు మూలల్లో 6.3 సెంటీమీటర్ల చొప్పున, తల ఒక అంచు మధ్యలో, తోక దానికి ఎదుటి అంచు మధ్యలో 4.2 సెంటీమీటర్ల చొప్పున, నడుమ నది 8.4 సెంటీమీటర్ల వెడల్పున. ఒక్కొక్క అంచూ కూడి చూడండి: కాలు, తల, తల, కాలు కలిపి 21, పక్క అంచున కాలు, నడుము, కాలు కలిపి 21. ఒక్క మిల్లీమీటరు వృథా కాలేదు. కాగితం మీద ఇంత ముచ్చటగా కుదిరిన ఈ లెక్క చేతికి వచ్చేసరికి వేరే కథ అయింది. గీతలన్నీ పెన్సిలుతో గీసి, కొండ మడతలూ లోయ మడతలూ గుర్తుపెట్టి, అన్నిటినీ ఒకేసారి కూల్చి మడవాలి. ఒక్క గీత అర మిల్లీమీటరు తప్పినా కాలొకటి వంకరపోతుంది. నాకు మూడు సాయంత్రాలు పట్టింది. వచ్చిన ఆవు నిలబడింది, నడుమూ ఉంది, నాకెంతో సంతోషమూ కలిగింది. కానీ పదేళ్ల పిల్లవాడికి ఆదివారం ఉదయం నేర్పే మడత ఇది కాదు.

రెండో దారి రెండు కాగితాలది. జంతువు ముందు సగానికి ఒక పక్షి బేస్, వెనక సగానికి మరొకటి. ముందు సగంలో సన్నని మొనలు రెండూ కాళ్లు, వెడల్పు మొనల్లో ఒకటి తల, రెండోది వెనక్కి చాచి నడుము అవుతుంది. వెనక సగంలో అలాగే కాళ్లు, తోక, నడుము. రెండు నడుములనూ ఒకదానిలోకి ఒకటి దూర్చి, కొంచెం మైదా పేస్టు రాస్తే జంతువు సిద్ధం. దీన్ని దొంగదారి అనేవారున్నారు. నేనలా అనుకోను, రెండు కూడళ్లున్న శరీరాన్ని రెండు కూడళ్లతో కట్టడంలో దొంగతనం ఏముంది? దూర్చే లోతును బట్టి నడుము పొడవును మార్చుకోవచ్చు, అదే జతతో ఒకసారి గుర్రం, ఒకసారి పంది చేయవచ్చు. ఒకే కాగితపు పథకంలో నడుమును ఒక సెంటీమీటరు పెంచాలంటే లెక్క మొత్తం తిరగరాయాలి.

ఇక ఆ అయిదో మొన. పక్షి బేస్‌లో తల మొన ముందుకు, నడుము మొన వెనక్కి వంగినప్పుడు, వాటి మధ్య భుజాల మీద 4.3 సెంటీమీటర్ల ఆ ముక్కోణం లేచి నిలబడుతుంది. గుర్రం మడిచేవారికి దాన్ని లోపలికి నొక్కి దాచడం పెద్ద తలనొప్పి. మన నాటు ఎద్దుకు మాత్రం అది మూపురం. చోటు సరిపోయింది, పరిమాణమూ దాదాపు సరిపోయింది, కొన కొంచెం వంచితే చాలు. అందుకే నాలుగు కాళ్ల జంతువుల్లో పిల్లలకు మొదట నేర్పదగినది రెండు కాగితాల ఎద్దు అని నా నిశ్చితాభిప్రాయం.

మిగిలింది ఏనుగు. దసరా వెళ్లిన తొలి మంగళవారం జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవంలో సిరిమాను ముందు తెల్ల ఏనుగు రథం నడుస్తుంది కనుక, మా పిల్లలకు ఏనుగు తెల్లగానే కావాలి, జిరాక్సు కాగితం దానికి సరిగ్గా సరిపోతుంది. రెండు పక్షి బేస్‌లతో చేస్తే నడుము వస్తుంది, చెవులు రావు. కప్ప బేస్‌తో చేస్తే చెవులు వస్తాయి, నడుము రాదు. అందువల్ల ఇప్పుడు రెంటినీ కలుపుతున్నాను: ముందు సగానికి కప్ప బేస్, అందులో పక్క మూలలు కాళ్లు, ముందు మూల తొండం, వెనక మూల నడుము, ముందరి చిన్న మొనలు రెండూ చెవులు, కేంద్రపు మొద్దు మొనను ముందుకు వంచితే కుంభస్థలం, వెనక సగానికి మామూలు పక్షి బేస్. చిక్కల్లా కాళ్ల పొడవు దగ్గర వచ్చింది, ముందువి 7.4, వెనకవి 10.5. వెనక కాగితాన్ని ఎంత తగ్గించాలని లెక్కగడితే 14.8 సెంటీమీటర్ల చతురస్రం అని తేలింది. అది ఏ-4 కాగితం పొడవులో సరిగ్గా సగం. కాబట్టి ఒక తెల్ల ఏనుగుకు ఒకటిన్నర కాగితం చాలు, స్కేలు కూడా అక్కరలేదు.