1804 పటంలో అనంతపురం జిల్లా: కొనేముందు చూసుకోండి

కొత్తింటి హాలు గోడకు మన సీమ పాత పటం ఒకటి పెట్టుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. నిజాం 1800లో ఈ ప్రాంతాన్ని, అంటే దత్తమండలాలను, ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక గీసిన పటాలంటే నాకు మరీ మోజు. ఆన్‌లైన్‌లో ఒకచోట "1804 నాటి దత్తమండలాల పటం, అసలుకు అచ్చమైన నకలు, టేకు ఫ్రేము, 24×36 అంగుళాలు" అని కనిపించింది. 6,800 రూపాయలు కట్టాను. నకలని తెలిసే కొన్నాను, అందులో నాకు పేచీ లేదు.

పటం అనంతపురం చేరిన రోజే తగిలించాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు, మా మామయ్య తప్ప. సర్వే శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. కాఫీ గ్లాసు పక్కన పెట్టి పటానికి దగ్గరగా వెళ్లారు.

"ఏం అల్లుడూ, అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో. అంతవరకూ మనది బళ్లారి జిల్లా. మరి 1804లో ఈ సరిహద్దు ఎవరు గీశారు?"

నాకు నోట మాట రాలేదు. 1804లో ఇదంతా కలెక్టర్ థామస్ మన్రో కిందున్న ఒకటే కలెక్టరేటు. బళ్లారి, కడప అని విడదీసిందే 1808లో. నా గోడ మీద మాత్రం అనంతపురం జిల్లా గులాబీ రంగులో విడిగా మెరుస్తోంది!

ఆ రాత్రి భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. చుక్కలు కనబడితే కంగారు పడకండి, ఈ కాలపు అచ్చులో ఏ నకలుకైనా చుక్కలుంటాయి. చూడాల్సింది అక్షరాలు. రాగిరేకు మీద చేత్తో చెక్కిన పటంలో ఒకే అక్షరం రెండుచోట్ల అచ్చు ఒకేలా ఉండదు. ఇందులో అన్నీ కవలలే, అంటే కంప్యూటర్ అక్షరాలు. కాగితం పాతబడినట్టు కనిపించే టీ మరకలు కూడా అంతే: ఎడమ మూలలో ఉన్న మరకే తిరగేసి కుడి మూలలో వేశారు. ఇది నకలు కూడా కాదు, అసలే లేని పటం.

ఇక టేకు సంగతి. మూల కాస్త ఊడితే లోపల కనిపించింది పొట్టు అదిమి చేసిన చెక్క. అద్దం బదులు ప్లాస్టిక్ రేకు. 24×36 అన్నది ఫ్రేము బయటి కొలత, పటం 18×30 మాత్రమే.

"ఆర్డరు మీద చేసినది, వాపసు తీసుకోం" అన్నారు అమ్మినవాళ్లు. గట్టిగా అడిగితే 1,500 రూపాయల కూపన్ ఇస్తామన్నారు. వాళ్ల దగ్గరే మళ్లీ కొనడానికట! ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోబోమనడానికి 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనలు ఒప్పుకోవు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ప్రకటన పేజీని ఫొటో తీసి ఉంచుకోవడం అక్కడ పనికొచ్చింది.

మీరు కొనేటట్టయితే ముందు ఒక్క ప్రశ్న అడగండి: అసలు పటం ఏ గ్రంథాలయంలో ఉంది? జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. ఆన్‌లైన్‌లో ఉన్న డేవిడ్ రమ్సీ పటాల సేకరణలో పాత పటాల స్కాన్లు ఉచితంగానే దొరుకుతాయి. 24×36 అచ్చుకు 7,200×10,800 పిక్సెళ్లుంటే అక్షరం చెదరదు. ఊళ్లోనే అచ్చు వేయించి, కళ్లెదుటే ఫ్రేము కట్టించుకోవచ్చు. నేనూ ఇప్పుడు అదే పనిలో ఉన్నాను.

నిన్న మళ్లీ ఆ పేజీ చూశాను. పటం అదే, పేరు అదే, ధర మాత్రం 500 పెరిగింది.