కె1 పడవా, కె2 పడవా: కయాక్‌లో మన అమ్మాయికి ఏది మేలు?

మా అక్క కూతురికి మొన్ననే పదహారు నిండాయి. మూడేళ్లుగా హుస్సేన్ సాగర్‌లో కయాక్ నడుపుతోంది, పొద్దున ఐదున్నరకల్లా నీళ్ల దగ్గర ఉంటుంది. ఇప్పుడు వాళ్లింట్లో రోజూ ఒకటే చర్చ. వచ్చే రెండేళ్లు ఒక్కరే కూర్చునే కె1 మీదే ఉండాలా, లేక ఇద్దరు కూర్చునే కె2కో, నలుగురు కూర్చునే కె4కో మారాలా? ఒక కోచ్ కె1 వదలొద్దంటారు, ఇంకో కోచ్ జట్టు పడవలోకి పంపండి, ఇండియా క్యాంప్‌కి దగ్గరి దారి అదే అంటారు. అక్కకి టెన్షన్, రాత్రి పదకొండుకి ఫోన్ చేసి నువ్వే చెప్పవే అంది. నేనూ ఆ చెరువులోనే పదేళ్లు తెడ్డు వేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా, ఇదే సందేహంలో ఉన్న ఇంకో ఇంటికి కూడా పనికొస్తుంది.

ముందు ఒక్క మాట, చాలామంది దీన్ని రోయింగ్ అనుకుంటారు. రోయింగ్‌లో వెనక్కి తిరిగి కూర్చుని లాగుతారు. కయాక్‌లో ముందుకే చూస్తూ, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డు వేస్తూ, చుక్కానిని కాళ్లతో తిప్పుకుంటూ పోతాం. కె1 పొడవు 5.2 మీటర్లు, బరువు కనీసం 12 కిలోలు ఉండాలి. కె2 ఆరున్నర మీటర్లు, కె4 అయితే ఏకంగా 11 మీటర్లు. ఈ కొలతలు ఎందుకు చెబుతున్నానో కింద తెలుస్తుంది.

కె1లో ఉన్న గొప్ప సుఖం, గొప్ప కష్టం రెండూ ఒకటే: అందులో నువ్వు తప్ప ఎవరూ ఉండరు. పడవ మెల్లగా పోతే కారణం నువ్వే, వేగంగా పోయినా నువ్వే. 500 మీటర్ల పోటీలో ప్రపంచంలో మొదటి వరస అమ్మాయిలు ఒక నిమిషం 50 సెకన్లకి అటూ ఇటూగా పూర్తి చేస్తారు. అందులో మొదటి 100 మీటర్లు ఊపులో గడిచిపోతాయి, 300 దాటాక చేతులు రాళ్లయిపోతాయి, అప్పుడు ముందు వీపు కనబడదు, వెనక నుంచి ఎవరూ అరవరు. ఆ ఆఖరి 200 మీటర్లు ఎలా వేయాలో కె1 తప్ప ఇంకేదీ నేర్పదని నా గట్టి నమ్మకం.

ఇక జట్టు పడవ. కె4లో అదే 500 మీటర్లు ఒకటిన్నర నిమిషం దగ్గర్లో అయిపోతాయి, అంటే తెడ్డు వేగం, ఊపిరి లెక్క అన్నీ మారిపోతాయి. ముందు సీటు అమ్మాయి లయ కడుతుంది, వెనకున్నవాళ్లు ఆమె భుజం కదలిక చూసి ఒకే క్షణంలో తెడ్డు దించాలి. బలం ఉన్నా ఆ లయ కుదరకపోతే పడవ ఊగుతుంది, ఊగిందంటే వేగం పోయినట్టే. నాకంటే బలహీనమైన ఇద్దరు కలిసి కె2లో మమ్మల్ని చిత్తుగా ఓడించడం నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు అంతర్జాతీయ పోటీల్లో పెద్దవాళ్ల జీవితాలు ఏం చెబుతున్నాయో చూద్దాం, ఎందుకంటే ఇద్దరు కోచ్‌లూ వాళ్ల పేర్లే చెప్పి వాదిస్తున్నారు. న్యూజిలాండ్‌కి చెందిన లీసా కారింగ్టన్‌కి ఒలింపిక్స్‌లో 8 స్వర్ణాలు. లండన్ 2012, రియో, టోక్యో మూడింట్లోనూ కె1 200 మీటర్లు ఆమెదే. కె1 500 మాత్రం రియోలో కాంస్యంతో సరిపెట్టుకుని, టోక్యోలోనూ పారిస్‌లోనూ గెలిచింది. అంటే ఎనిమిదిలో ఐదు ఒక్కతే గెలిచినవి. మిగతా మూడూ జట్టువి: కె2 రెండుసార్లు, పారిస్‌లో కె4. పారిస్‌లో అయితే మూడు రోజుల్లో మూడు స్వర్ణాలు. కె1 కోచ్ ఈమె పేరు చెబుతారు.

జట్టు కోచ్ చెప్పే పేరు జర్మనీకి చెందిన బిర్గిట్ ఫిషర్. ఆమెకీ 8 స్వర్ణాలే, పైగా 4 రజతాలు. 1980 మాస్కోలో మొదటిది 18 ఏళ్ల వయసులో, 2004 ఏథెన్స్‌లో ఆఖరిది 42 ఏళ్ల వయసులో. మధ్యలో 1984 ఒలింపిక్స్ బహిష్కరణ వల్ల పోయింది, లేకపోతే ఎన్ని అయ్యేవో. ఆ ఎనిమిదిలో కె1లో వచ్చినవి రెండే, 1980లో ఒకటి, 1992లో ఒకటి. మిగతా ఆరూ కె2, కె4. హంగరీకి చెందిన దనుటా కొజాక్ లెక్క కూడా అటే: 6 స్వర్ణాల్లో రెండు కె1, ఒకటి కె2, మూడు కె4. రియోలో ఆమె ఈ మూడు రకాల పడవల్లోనూ గెలిచింది.

ఈ లెక్క చూసి జట్టే మేలు అనేయొచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కానీ జాగ్రత్తగా చూడండి, ఫిషర్ మొదటి స్వర్ణం కె1దే. వీళ్లెవరూ కె1లో వేగం లేక జట్టులోకి వెళ్లినవాళ్లు కారు, కె1లో గెలవగలిగినవాళ్లే జట్టుకి బలమయ్యారు. ఇంకో పేరు కూడా చెప్పాలి, మొదట పశ్చిమ జర్మనీ తరఫున, తర్వాత ఇటలీ తరఫున ఆడిన జోసెఫా ఇదెమ్. 1984 నుంచి 2012 వరకు 8 ఒలింపిక్స్, ఇద్దరు పిల్లల తల్లి, సిడ్నీ 2000లో కె1 500 స్వర్ణం. 2008 బీజింగ్‌లో సెకనులో వెయ్యోవంతులు నాలుగంటే నాలుగు తేడాతో స్వర్ణం పోయింది. అయినా 47 ఏళ్ల వయసులో లండన్‌కి వచ్చి మళ్లీ కె1 ఫైనల్ ఆడింది. వయసు పెరిగితే జట్టు పడవే దిక్కు అనేవాళ్లకి ఈమె కథ చెబుతాను.

200 మీటర్ల సంగతి తొందరగా చెప్పేస్తా. మా పిల్లకి 200 అంటే ప్రాణం, స్టార్ట్‌లో ఎవరికీ అందదు. కానీ మహిళల కె1 200 ఒలింపిక్స్‌లో లండన్ నుంచి టోక్యో వరకే ఉంది, పారిస్‌లో తీసేశారు. పారిస్‌లో మహిళల కయాక్ పోటీలన్నీ 500 మీటర్లే. కాబట్టి 200ని నమ్ముకుని కెరీర్ కట్టుకోవడం ఇప్పుడు సరికాదు, ఆ వేగాన్ని 500కి సాగదీయడమే పని.

మన దేశం సంగతికొస్తే జట్టు వైపు ఒక బలమైన సాక్ష్యం ఉంది. ఆసియా క్రీడల్లో ఈ ఆటలో మనకి వచ్చిన పతకాలు రెండు. 1994 హిరోషిమాలో కాంస్యం, తర్వాత 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ జోడీకి కాంస్యం. రెండూ పురుషుల కనోయింగ్‌లో, అంటే మోకాలి మీద కూర్చుని ఒకే రెక్క ఉన్న తెడ్డు వేసే పడవలో, ఇద్దరు కలిసి తెడ్డు వేసే 1000 మీటర్ల పోటీలోనే. ఒక్కరుగా వేగంలో కాస్త వెనకబడ్డా, కలిసి ఏళ్ల తరబడి సాధన చేసిన జోడీ పతకం దాకా పోగలదని దీన్ని బట్టి నాకు అనిపిస్తుంది. ఇటువైపు ప్రాచీ యాదవ్ ఉంది. పారాలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లిన మొదటి పారా కనోయింగ్ క్రీడాకారిణి, టోక్యోలో ఫైనల్ దాకా వెళ్లింది, హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో కయాక్‌లో స్వర్ణం తెచ్చింది. పారా పోటీలన్నీ ఒక్కరి పడవలే. భోపాల్ చెరువులో ఆమె ఒక్కతే వేసిన ఆ వేల తెడ్డు దెబ్బల గురించి ఆలోచిస్తే నాకు గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు నా సొంత అనుభవం. నేను పంతొమ్మిదేళ్లప్పుడు కె1 పక్కన పెట్టేసి కె2కి వెళ్లాను. ముందు సీటు నా స్నేహితురాలు, వెనక నేను. రెండేళ్లు ఒకరి ఊపిరి ఒకరికి తెలిసేలా ఆడాం, రాష్ట్రంలో మాకు ఎదురులేదు. జాతీయ పోటీలకి నెల ముందు ఆమెకి పెళ్లి కుదిరింది, అత్తవారు ఆట వద్దన్నారు. ఆమె తప్పు లేదు, ఇప్పటికీ మేం మాట్లాడుకుంటాం. కానీ మర్నాడు పొద్దున నేను చెరువు దగ్గర నిలబడితే నాకు పడవ లేదు, కె1లో నా టైమ్ రెండేళ్ల కిందటి దగ్గరే ఉంది, ట్రయల్స్‌లో నా పేరు ఎక్కడా లేదు. జట్టు పడవలో నీ కెరీర్ సగం ఇంకొకరి ఇంట్లో ఉంటుంది. మన ఇళ్లలో ఆడపిల్లల సంగతి తెలిసినవాళ్లకి దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ లెక్క కూడా చూడాలి. కె1ని జీపు మీద కట్టి తీసుకెళ్లొచ్చు, 11 మీటర్ల కె4ని ఎవరు మోస్తారు, ఎక్కడ దాస్తారు? మంచి కార్బన్ పడవ లక్షల్లో ఉంటుంది, ఒకే ఈడు, ఒకే స్థాయి ఉన్న నలుగురు అమ్మాయిలు ఒకే ఊళ్లో దొరకడం ఇంకా కష్టం. కాలేజీ, ఎంసెట్ కోచింగ్ అంటూ ఒకరు మానేస్తే నలుగురి సాధనా ఆగిపోతుంది. నిమజ్జనం రోజుల్లో చెరువు దొరకదు, ఎండాకాలం ఆ వాసన, చుక్కానికి చుట్టుకునే గుర్రపుడెక్క, ఇవన్నీ భరిస్తూ నలుగురినీ ఒకే టైమ్‌కి నీళ్లలో దింపడం ఏ కోచ్‌కైనా యుద్ధమే. అయితే జట్టు పతకం తక్కువ పతకమేమీ కాదు, ఉద్యోగం స్పోర్ట్స్ కోటాలో వచ్చినా ఇంటికి అదే గౌరవం, దీన్ని కొట్టిపారేయను.

అందుకే అక్కకి నేను చెప్పింది ఇది. పద్దెనిమిది దాటేదాకా కె1 500 ఇంటి పునాదిలా ఉండాలి, వారంలో నాలుగు రోజులు దానికే. మిగతా రెండు రోజులు కె2, అదీ వెనక సీట్లో, ఎందుకంటే ఇంకొకరి లయలోకి ఒదగడం వెనకే నేర్చుకుంటాం. కె4 అంటే క్యాంప్ పిలిచినప్పుడు వెళ్లాలి, పిలుపు కోసం కె1 మానేసి కూర్చోకూడదు. ఇరవై దాటాక, వేగం సరిపోయే తోడు, ఇంట్లో అడ్డు లేని తోడు దొరికితే అప్పుడు కె2నే ప్రధానం చేసుకోమంటాను, అంతర్జాతీయ పతకానికి మన అమ్మాయిలకి అదే దగ్గరి దారని నా అంచనా. కనోయింగ్‌కి మారితే అనే ఆలోచన కూడా వచ్చింది, మహిళలకి టోక్యో నుంచి ఆ పోటీలు ఉన్నాయి కాబట్టి, కానీ మూడేళ్ల కయాక్ అలవాటు వదిలి మోకాలి మీద కూర్చోవడం పిల్లకే ఇష్టం లేదు, అక్కడితో ఆపేశాం.

ఆదివారం నుంచి మొదలుపెట్టాం. వెనక సీట్లో మా పిల్ల, ముందు సీట్లో మల్కాజిగిరి నుంచి వచ్చే డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి. మొదటి రోజు రెండుసార్లు నీళ్లలో పడ్డారు. వచ్చే నెల ట్రయల్స్‌కి ఇద్దరూ విడివిడిగా కె1 500కి పేర్లు ఇచ్చారు, కె2కి కలిపి ఇచ్చారు. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారితో నేనే వెళ్లి మాట్లాడి వచ్చాను.