పాడిల్ ఫ్లోట్‌తో కయాక్ రోల్ నేర్పడం: కొన్నేళ్లు వాడాక

పాడిల్ ఫ్లోట్ అంటే తెడ్డు చివరి రెక్కకు (బ్లేడ్‌కి) తొడిగే గాలి సంచి. సముద్రంలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) నుంచి పడిపోయినవాళ్లు తిరిగి ఎక్కడానికి పనికొచ్చే వస్తువుగానే అది చాలామందికి తెలుసు. నేను మాత్రం దాన్ని కొత్తవాళ్లకు రోల్ (తలకిందులైన పడవను అందులో కూర్చునే తిరిగి నిటారుగా తిప్పడం) నేర్పడానికే కొన్నేళ్లుగా వాడుతున్నాను. నాకు అందులో బాగా నచ్చింది ఒక్కటే, గాలి కావలసినంత తగ్గించుకోగలగడం. గాలి బదులు ఫోమ్ దిమ్మె ఉండే ఫ్లోట్‌లో ఆ వీలు లేదు.

తలకిందులైన మనిషికి టెక్నిక్ కంటే ముందు భయం అడ్డొస్తుంది. ఫ్లోట్ తొడిగితే బ్లేడ్ నీటి మీదే ఉంటుంది కాబట్టి సగం లేచి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మునగొచ్చు. ప్రతిసారీ స్ప్రే స్కర్ట్ (నడుము చుట్టూ ఉండి పడవ నోటిని మూసే గుడ్డ) లాగి బయటపడటం, పడవలో నీళ్లు పారబోయడం తప్పుతుంది.

ఒక క్లాసులో ఫ్లోట్ అతుకు దగ్గర సన్నగా బుడగలు రావడం చూశాను. నేను పడవ పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి ఆపకుండా కొనసాగించాం. నేర్చుకుంటున్న అమ్మాయి అది గమనించలేదు. తల పైకెత్తకుండా భుజం వైపు వాల్చి, మోకాలితో పడవను తిప్పి, తలను అన్నిటికంటే చివర్న పైకి తెస్తోంది. ఫ్లోట్ మెత్తబడుతున్నా లేస్తూనే ఉంది. చివరికి చూస్తే సంచి పూర్తిగా చప్పబడి బ్లేడ్‌కి అంటుకుపోయింది. "ఇందులో గాలి ఎప్పుడు పోయిందండీ?" అని ఆశ్చర్యపోయింది. అప్పటికే చాలాసేపటినుంచి ఆమెను లేపుతున్నది ఆమె నడుమే!

ఆ రోజు నుంచి మంచి ఫ్లోట్‌తోనూ అదే పద్ధతి. ఫ్లోట్‌లోని రెండు గాలి గదుల్లో ముందు ఒకటి ఖాళీ చేస్తాను, తర్వాత రెండోదాంట్లో కొంచెం కొంచెంగా తీస్తాను. ఎంత తీస్తున్నానో ముందే చెబుతాను, నీళ్లలో ఉన్నవాళ్ల దగ్గర దాపరికం ఉండకూడదు.

అయితే ఇది అందరికీ అంత హాయిగా సాగదు. చేతిబలం ఉన్నవాళ్లు నిండా గాలి ఉన్న ఫ్లోట్ మీద బరువు వేసి, తల ముందే ఎత్తేసినా లేచిపోతారు. తప్పు కనిపించదు. పైగా మోచేతులు ఒంటికి దూరంగా చాచి గుంజితే భుజానికి దెబ్బ. అలాంటివాళ్లకు ముందు పూల్ అంచు పట్టించి హిప్ స్నాప్ (నడుము విదిలించి పడవను తిప్పడం) చేయిస్తాను. ఇంకోటి, సంచి తొడిగిన బ్లేడ్ ఏ కోణంలో ఉన్నా మునగదు. దాంతో బ్లేడ్ కోణం అసలు అలవాటు కాదు. ఫ్లోట్ తీసేయగానే స్వీప్ (తెడ్డును నీటి మీద వంపుగా ఊడ్చినట్టు లాగడం) మధ్యలో బ్లేడ్ కిందికి దూసుకుపోతుంది, కొందరికి పాఠం దాదాపు మొదటికొస్తుంది.

కొనేవాళ్లు రెండు గదులకూ వేర్వేరు వాల్వులు ఉన్నదే చూసుకోండి. తెడ్డు కర్రకు బిగించే పట్టీ కూడా గట్టిగా ఉండాలి. నేను నేర్పేది నిలకడగా ఉన్న, నిలబడగలిగే లోతు నీళ్లలో, సీ కయాక్‌లతో, ఒక్కొక్కరికి విడిగా. అలాంటి చోట ఫ్లోట్ లేకుండా మొదటి క్లాసు మొదలుపెట్టను. పెద్ద బృందానికి ఒకేసారి నేర్పేవాళ్లయితే గాలి తీస్తూ కూర్చునే తీరిక ఉండదు, వాళ్లకు ఫోమ్‌దే నయం.