పాత వెల్డింగ్ మిషన్ కొనొచ్చా? రెండు మిషన్లు, అయిదేళ్ళ వాడకం

మాది విడవలూరు వైపు పల్లె. రెండు రొయ్యల గుంటలు, కొంచెం కయ్యలు, ఇంటి వెనక రేకుల షెడ్డు. సముద్రం దగ్గర కాబట్టి మా ఊళ్ళో ఇనుముకి ఆయుష్షు తక్కువ. ఏరేటర్ ఫ్రేములు, గేటు బందులు, మోటారు స్టాండ్లు ఉప్పుగాలికి ఏటా ఎక్కడో ఒకచోట తుప్పుపట్టి ఊడిపోతుంటాయి. అంగుళం అతుకు కోసం వెల్డరు చుట్టూ రెండు మూడు రోజులు తిరిగేవాణ్ణి. గుంటలో రొయ్య ఉన్నప్పుడు అన్ని రోజులు ఎట్టా ఆగుతాం? ఏరేటర్ తిరగకపోతే తెల్లవారుజాముకల్లా నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి. ఆ టెన్షన్ పడలేకే 2020 చివర్లో సొంతంగా ఒక వెల్డింగ్ మిషన్ కొనాలనుకున్నాను. కొత్తది కొనే డబ్బు లేక పాతదానికి వెళ్ళాను. అప్పటినుంచి ఇప్పటిదాకా రెండు పాత మిషన్లు వాడాను. ఇంట్లో షెడ్డు వేసుకుని సెకండ్ హ్యాండ్ మిషన్ కోసం చూస్తున్నవాళ్ళకి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిది నెల్లూరు ఆటోనగర్‌లో కొన్న ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు. చక్రాల మీద లాక్కెళ్ళే బరువైన పెట్టె, పైన కరెంటు తగ్గించి పెంచే తిప్పుడు చక్రం. తొమ్మిదిన్నర వేలు. అమ్మినాయన "ఇది కాపర్ సామీ, నీ కొడుకులు కూడా వాడతారు" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. టెర్మినల్ దగ్గర కాయిల్ తీగ మీది వార్నిష్‌ని చాకుతో గీకి చూస్తే ఎర్రగా కనిపించింది. తెల్లగా ఉంటే అల్యూమినియం అన్నమాట. వాసన కూడా చూశాను. కాలిన కాయిల్‌కి ఒక ఘాటు వాసన ఉంటుంది, ఏళ్ళు గడిచినా పోదు. దీనికి లేదు. మిషన్‌లో ఏ లోపమూ లేదు. నేను చూసుకోనిది మా ఇంటి కరెంటు.

ఇంటికి తెచ్చి పది గేజి వెల్డింగ్ రాడ్డు పెట్టి మొదటి గీత గీయగానే ఇంట్లో లైట్లు సగానికి తగ్గాయి, టీవీ ఆగిపోయింది, పక్కింటి పెద్దమ్మ "ఏందయ్యా, ఫ్యాను నిలబడిపోయింది" అంటూ బయటికొచ్చింది. రెండో రాడ్డుకి ఫ్యూజు పోయింది. ఎందుకిలా అని తర్వాత లెక్క వేసుకుని చూశాను. పది గేజి రాడ్డుకి, అంటే 3.15 మిల్లీమీటర్ల దానికి, సుమారు 110 ఆంపియర్లు కావాలి. మండేటప్పుడు రాడ్డు దగ్గర ఉండే వోల్టేజి 24 చిల్లరే. అంటే అసలు పనికి ఖర్చయ్యేది 2.7 కిలోవాట్లు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు ఖాళీగా ఉన్నప్పుడు 70 వోల్టులు ఇస్తుంది, మెయిన్ లైను నుంచి అది లాగే కరెంటు ఆ 70 ప్రకారమే ఉంటుంది. 70ని 110తో గుణించి 230తో భాగిస్తే 33 ఆంపియర్లు. రెండు కిలోవాట్ల మీటరున్న సింగిల్ ఫేజు ఇంట్లో 33 ఆంపియర్లు ఎక్కడ మోస్తుంది? పన్నెండు గేజి రాడ్డు (2.5 మిల్లీమీటర్లు) 75 ఆంపియర్ల మీద వాడినా 23 దాకా లాగుతుంది.

పద్నాలుగు నెలలు దాంతోనే లాగించాను. పన్నెండు గేజి రాడ్లే వాడుతూ, పొద్దున్నే ఆరింటికి ఊళ్ళో ఇంకా మోటార్లు వెయ్యకముందే పని ముగించుకునేవాణ్ణి. ఎండాకాలం సాయంత్రాలు మా దగ్గర వోల్టేజి 185కి పడిపోయేది. అప్పుడు రాడ్డు మండదు, ఇనుముకి అతుక్కుపోతుంది. అతుకు వేశాననుకుంటాం, సుత్తితో ఒక్కటి కొడితే ఊడొస్తుంది. చివరికి దాన్ని త్రీఫేజు కనెక్షన్ ఉన్న ఒక షాపాయనకి అమ్మేశాను. తొమ్మిది వేలు వచ్చాయి. ఏడాదికి పైగా వాడినా అయిదు వందలే పోయాయంటే కారణం లోపలున్న రాగి. కాపర్ సెట్టు కొంటే డబ్బు మునగదు, ఈ ఒక్క విషయం ధైర్యంగా చెప్పగలను. ఆ షాపాయన దగ్గర అది ఇప్పటికీ రోజంతా పనిచేస్తోంది.

రెండోది ఇన్వర్టర్ మిషన్. ఐజీబీటీ రకం, అంటే కరెంటుని చాలా వేగంగా వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్చులతో నడిచేది, పైన 200 ఆంపియర్లని రాసుంది. కోవూరులో గేట్ల పని మానేసిన ఒక తమ్ముడి దగ్గర 2022 మొదట్లో నాలుగున్నర వేలకి తీసుకున్నాను. అలాంటిదే కొత్తది అప్పుడు ఎనిమిది వేల దాకా ఉంది. బరువు ఏడెనిమిది కిలోలు, భుజాన తగిలించుకుని గుంట కట్ట మీదికి నడిచిపోవచ్చు.

ఈసారి కొనేముందు తొందరపడలేదు. ముందు మూత విప్పమన్నాను. ఆ తమ్ముడు కొంచెం సందేహించాడు గానీ విప్పాడు. అమ్మేవాళ్ళు మూత విప్పనంటే అక్కణ్ణించి లేచి రావడమే మంచిది. లోపల బోర్డు మీద ఎక్కడైనా సోల్డరింగ్ కొత్తగా మెరుస్తోందా, పసుపు రంగు జిగురు మరకలున్నాయా, నల్లగా కమిలిన చోట్లున్నాయా అని టార్చి వేసి చూశాను. ఒకసారి రిపేరైనంత మాత్రాన వద్దనక్కర్లేదు, కానీ ఆ మాట వాళ్ళ నోటినుంచి రావాలి. తర్వాత ముందువైపు కేబుళ్ళు దూర్చే సాకెట్లు చూశాను. వదులై కాలి ఉంటే అక్కడే వేడెక్కి మిషన్ పాడవుతుంది. ఆఖర్న నా సంచిలోంచి పది గేజి రాడ్లు అయిదు తీసి, 110 మీద పెట్టి, మధ్యలో ఆపకుండా అయిదూ కాల్చాను. మూడో రాడ్డుకే ఓవర్‌లోడ్ లైటు వెలిగే మిషన్లు చాలా ఉన్నాయి. ఇది అయిదుకీ నిలబడింది. మూకుట్లో అప్పడం వేసినప్పటి చప్పుడు ఆగకుండా, ఒకే తీరున వస్తుంటే ఆర్క్, అంటే రాడ్డు కొసన మండే మంట, బాగున్నట్టు. చివరి గీత చల్లారాక అతుకు మీద గట్టిపడే స్లాగు పెంకులా దానంతట అదే లేచింది, దాని కింద అతుకు మీద గీతలు చేప పొలుసుల్లా వరసగా ఉన్నాయి. అక్కడికక్కడే డబ్బు ఇచ్చేశాను.

200 అని రాసిన మాట మాత్రం నమ్మకండి. తర్వాత కేబులు చుట్టూ పట్టించి డీసీ కొలిచే క్లాంప్ మీటరు తెచ్చి చూస్తే, డిస్‌ప్లేలో 200 చూపిస్తున్నప్పుడు నిజంగా వస్తున్నది 145. మామూలు ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే ఏసీ క్లాంపు దీనికి పనికిరాదు, ఎందుకంటే ఇన్వర్టర్ నుంచి వచ్చేది డీసీ. నా పనికి 145 చాలు. కానీ ఎనిమిది గేజి లాంటి లావు రాడ్లు రోజూ వాడాలనుకునేవాళ్ళు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఇంట్లో కరెంటు గొడవ చాలావరకు తీరింది. అదే పది గేజి రాడ్డుకి ఇన్వర్టర్ 20 ఆంపియర్ల లోపే లాగుతోంది. షెడ్డుకి మీటరు దగ్గర్నుంచి 4 స్క్వేర్ ఎంఎం వైరు వేరే లైనుగా లాగించి, ఎమ్‌సీబీ పెట్టించి, సొంతంగా ఎర్తింగ్ గుంత తీయించాను. మీటరు లోడు కూడా పెంచమని రాసిచ్చాను. మొత్తం ఖర్చు మిషన్ ధరతో సమానమైంది. పాత మిషన్ చవగ్గా వస్తోందని లెక్కేసుకునేవాళ్ళు ఈ ఖర్చు కూడా కలుపుకోవాలి.

రెండేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. ఒక వానాకాలం పొద్దున స్విచ్ వెయ్యగానే 'టప్' మని చప్పుడు, ఎమ్‌సీబీ పడిపోయింది. విప్పితే లోపల బోర్డు మీద చచ్చిన బల్లి, దాని చుట్టూ తడిసిన ఇనుప పొడి నల్లటి ముద్దలా పేరుకుని ఉంది. నెల్లూరులో బోర్డులు బాగుచేసే అబ్బాయి దగ్గరికి తీసుకెళ్ళాను. చూసీ చూడగానే "అన్నా, గ్రైండర్ పక్కనే మిషన్ పెట్టుకుంటున్నావు కదా?" అన్నాడు. నిజమే. గ్రైండర్ నుంచి లేచే ఇనుప పొడిని మిషన్ ఫ్యాను లోపలికి లాగేస్తుంది, దానికి మా ఉప్పుగాలి చెమ్మ తోడైతే బోర్డు షార్టవడం ఎంతసేపు? నాలుగు ఐజీబీటీలు మార్చి 2,200 తీసుకున్నాడు. అప్పటినుంచి గ్రైండింగ్ ఒక మూల, మిషన్ ఇంకో మూల. నెలకోసారి ప్లగ్గు తీసి, మూత విప్పి బ్లోయర్‌తో ఊదుతాను. పని కాగానే బియ్యం మూటలకి వాడే మందపాటి కవరులో పెట్టి మూతి కడతాను. మళ్ళీ ఇంతవరకు రిపేరు రాలేదు.

గుంటల దగ్గర వాడేవాళ్ళకి ఒక మాట గట్టిగా చెప్పాలి. తడి కట్ట మీద నిలబడి, చెమటతో తడిసిన గ్లౌజుతో రాడ్డు మార్చడం ప్రాణం మీదికి తెస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు ఇచ్చే 70 వోల్టులు ఏసీ, తడిలో అది డీసీ కంటే ప్రమాదం. ఇన్వర్టర్ అయినా సరే నేను ఎండిన చెక్క పరుచుకుని, బూట్లు వేసుకునే నిలబడతాను. ఫ్రేముని వీలైతే పొడినేలకి తెచ్చే అతుకుతాను. ఇంకొకటి, జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు. మా బావ ఒకరోజు మూసిన షెడ్డులో జీఐ పైపులు అతికి, రాత్రికి చలీ జ్వరంతో వణికిపోయాడు. ఆ పూత కాలి లేచే పొగ వల్లే అది. పూతని గీకేసి, గాలి వచ్చేచోట అతకాలి. నల్లద్దాలు లేకుండా ఒక్క టాకా (చిన్న చుక్క అతుకు) అయినా వెయ్యొద్దు. ఆ రాత్రి కళ్ళలో ఇసక పోసినట్టుంటుంది, నిద్ర పట్టదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదీ. త్రీఫేజు ఉండి, మిషన్ ఒకేచోట ఉండేట్టయితే పాత కాపర్ ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు కళ్ళుమూసుకుని తీసుకోండి. సింగిల్ ఫేజు ఇల్లయితే ఇన్వర్టరే. అయితే పాత ఇన్వర్టర్ కొత్తదాని ధరలో సగానికి బాగా మించితే వద్దు. దగ్గర్లో బోర్డు రిపేరు చేసేవాళ్ళు లేకపోతే అసలు వద్దు, ఇంకొంచెం డబ్బు కూడబెట్టుకుని వారంటీతో కొత్తది కొనుక్కోండి. నాకు నాలుగున్నర వేల మిషన్ కలిసొచ్చిందంటే నెల్లూరు ఇరవై చిల్లర కిలోమీటర్లే కాబట్టి. అదే కనిగిరి పైన ఉన్న మా మేనమామ కొడుక్కి కొత్తదే కొనమని చెప్పాను.

మా బావ కూడా ఈ ఆదివారం అల్లూరులో ఒక పాత ఇన్వర్టర్ చూడ్డానికి రమ్మన్నాడు. అయిదు వేలు చెబుతున్నారట. డీసీ క్లాంప్ మీటరు, స్క్రూడ్రైవరు, టార్చి, అయిదు పది గేజి రాడ్లు సంచిలో సర్దిపెట్టాను.