అరండల్‌పేటలో దొరికే రంగుల చక్రం: చిత్రకళ నేర్చుకునేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

గుంటూరు అరండల్‌పేటలోని ఒక స్టేషనరీ దుకాణంలో కొన్న రంగుల చక్రాన్ని కొంతకాలంగా వాడుతున్నాను. మధ్యలో రివిటు బిగించిన రెండు గుండ్రని అట్టలే ఈ పరికరం. పై అట్టను తిప్పి ఒక రంగును మరొక రంగుకు ఎదురుగా నిలిపితే, ఆ రెండూ కలిసినప్పుడు వచ్చే రంగు చిన్న కిటికీలో కనిపిస్తుంది. మొదటి పాఠానికి ఇది చక్కగా సరిపోతుంది.

అయితే వెనుకవైపు దీన్ని న్యూటన్ చక్రమని అచ్చువేయడం సరికాదు. 1704లో వెలువడిన ‘ఆప్టిక్స్’ గ్రంథంలో న్యూటన్ గీసిన వలయం కాంతికి సంబంధించినది. అందులోని ఏడు రంగులకూ కేంద్రం తెలుపు. కుంచెతో అన్ని రంగులూ కలిపితే తెలుపు రాదు, బురద రంగు వస్తుంది. ఎరుపు, పసుపు, నీలాలను మూలంగా తీసుకుని చిత్రకారుల కోసం చక్రాన్ని తీర్చినవాడు 18వ శతాబ్దపు ఆంగ్లేయుడు మోజెస్ హారిస్. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన నాట్యశాస్త్రం తెలుపు, నీలం, పసుపు, ఎరుపులను సహజవర్ణాలుగా పేర్కొని, పసుపు నీలాలు కలిస్తే హరితమనీ, తెలుపు ఎరుపులు కలిస్తే పద్మవర్ణమనీ చెప్పింది. తెలుగు పిల్లల చేతికిచ్చే అట్టపై ఆ మాటకు చోటు దక్కవలసింది.

అసలు లోపం వాడకంలో బయటపడుతుంది. చక్రంలో ఎరుపుకు ఒక్కటే గడి ఉంది. నీలం వైపు మొగ్గే ఎరుపైన క్రిమ్సన్‌ను ముదురు నీలమైన అల్ట్రామెరీన్‌తో కలిపితే నిండైన ఊదా వస్తుంది. నారింజ వైపు మొగ్గే ఎరుపైన వెర్మిలియన్‌ను అదే నీలంతో కలిపితే మట్టి గోధుమ రంగు తేలుతుంది. కిటికీ మాత్రం రెండింటికీ ఊదానే చూపిస్తుంది. ముదురు లేతల సంగతీ ఇందులో లేదు. అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రతి రంగుకూ వర్ణం, ముదురు లేతల స్థాయి, గాఢత అని మూడు కొలతలు పెట్టింది ఇందుకే. చిక్కని పసుపు తెలుపుకు దగ్గరగా, చిక్కని ఊదా నలుపుకు దగ్గరగా ఉంటాయన్న నిజం బల్లపరుపు వలయంలో ఇమడదు.

చక్రంపై ఎదురెదురు రంగులను చూపే బాణాలు మాత్రం ఎంతో ఉపయోగపడతాయి. పారిస్‌లోని గోబెలిన్ అద్దకశాలలో నల్లదారం వెలిసినట్టుందన్న ఫిర్యాదును పరిశీలించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్, లోపం అద్దకంలో లేదని, పక్కనున్న నీలం, ఊదాల ప్రభావమని తేల్చి, 1839లో గ్రంథం రాశాడు. మంగళగిరి చీరకు అంచు రంగు ఎంచుకునే డిజైన్ విద్యార్థికి ఆ బాణాలు నేరుగా దారి చూపుతాయి.

కాబట్టి పాఠశాల పిల్లలకు నిస్సంకోచంగా కొనవచ్చు. ఆర్ట్ కాలేజీ విద్యార్థులు మాత్రం తాము వాడే సీసాల రంగులతో ప్రత్యేకంగా ఒక పట్టిక వేసుకుని, దాని పక్కన తెలుపు నుంచి నలుపు దాకా మెట్ల పట్టీ ఒకటి గీసుకోవాలి.