జపాన్ డిటెక్టివ్ నవలలు ఐదు: ఏది ముందు, ఏది తర్వాత

జపాన్ డిటెక్టివ్ నవలల్లో హోన్‌కాకు అని ఒక రకం ఉంది. డిటెక్టివ్ నోరు విప్పేలోపే పాఠకుడు కూడా గుట్టు కనిపెట్టగలిగేలా ఆధారాలన్నీ ముందే పేజీల్లో పెట్టి ఉంచాలి. చివరిదాకా దాచి, ఆఖర్న జేబులోంచి తీసి చూపిస్తే అది తొండి. ఇంగ్లీషులో దొరికే ఐదు నవలలను ఇక్కడ ఆ కొలతతోనే చూస్తున్నాను. క్లూ ఎక్కడ పెట్టారు, పెట్టినదాన్ని మన కంట పడకుండా ఎలా దాటించారు, అందుకు మన ఓపిక ఎంత ఖర్చు చేయించారు. హంతకులెవరో, కిటుకులేమిటో చెప్పను.

ఈ రకానికి కొత్తవాళ్ళు కెయిగో హిగషినో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'తో మొదలుపెట్టండి. 2005 నాటి నవల, జపాన్‌లో పేరున్న సాహిత్య పురస్కారం నవోకి బహుమతి పొందింది. హత్య ఎవరు చేశారో, ఎలా చేశారో మొదటి అధ్యాయంలోనే చూపించేస్తాడు. బెంతో (డబ్బాలో సర్ది అమ్మే భోజనం) దుకాణంలో పనిచేసే యాసుకో, ఆమె కూతురు కలిసి, పీడించే మాజీ భర్తను చంపుతారు. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి తలుపు తట్టి, సాయం చేస్తానంటాడు. అన్నీ తెలిసిపోయాక ఇంకా కనిపెట్టడానికి ఏముంది అనిపిస్తుంది. వెంకటేష్ 'దృశ్యం' చూసిన తెలుగువాళ్ళకైతే ఆ ధీమా ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. దెబ్బ తినేది అక్కడే. ఇషిగామి తాను పరీక్ష ప్రశ్నలు ఎలా తయారుచేస్తాడో పోలీసుతో మాటవరసకి చెప్పే చోటు ఒకటి వస్తుంది. అక్కడ ఆగి రెండోసారి చదవండి. నవల తాళంచెవి ఆ నాలుగు మాటల్లో ఉంది. మీకు అంది కూడా చేజారుతుంది, ఎందుకంటే అది పాత్ర స్వభావం చెప్పే సంభాషణలా ఉంటుందే తప్ప ఆధారంలా ఉండదు. ఇది అసలు హోన్‌కాకేనా అని అప్పట్లో జపాన్‌లో పెద్ద వాదమే నడిచింది. నా లెక్కలో ఆధారాలు చాలినన్ని ఉన్నాయి. లోపమల్లా యాసుకో పాత్రలో ఉంది. ఆమె మీద ఇంత కథ నడుస్తున్నా ఆమె మనసులో ఏముందో రచయితకు పెద్దగా పట్టినట్టు లేదు.

సెయిచో మత్సుమోతో 'పాయింట్స్ అండ్ లైన్స్' 1958లో పుస్తకంగా వచ్చింది. అంతకుముందు 'తబి' అనే యాత్రా పత్రికలో సీరియల్‌గా నడిచింది. నవల నిండా రైళ్ళు ఉండడానికి అదీ ఒక కారణమేమో. ఫుకువోకా దగ్గర కషీ సముద్రతీరంలో ఒక ప్రభుత్వోద్యోగి, ఒక హోటల్ పరిచారిక సయనైడ్ తాగి చచ్చి పడి ఉంటారు. ప్రేమికుల ఆత్మహత్య అని అందరూ కేసు మూసేయబోతుంటే, అనుభవమున్న పోలీసు తొరిగాయి చేతికి చచ్చినతని జేబులోని డైనింగ్ కార్ రసీదు వస్తుంది. అందులో ఒక్కరి భోజనమే రాసి ఉంది. ప్రేయసిని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు ఒక్కడే కూర్చుని ఎందుకు తింటాడు? ఆధారం అంటే ఇలా ఉండాలి: చిన్న కాగితం ముక్క, అందరి కళ్ళ ముందూ ఉంది, అర్థం మాత్రం ఒక్కడికే తట్టింది.

రెండో ముడి టోక్యో స్టేషన్‌లో. పదమూడో ప్లాట్‌ఫారం మీద నిలబడితే పదిహేనో ప్లాట్‌ఫారం కనబడేది రోజు మొత్తంలో సాయంత్రం 5:57 నుంచి 6:01 దాకా, నాలుగంటే నాలుగే నిమిషాలు. మిగతా వేళంతా మధ్యలో ఏదో ఒక రైలు అడ్డంగా నిలబడి ఉంటుంది. విజయవాడ జంక్షన్‌లో ఎదుటి ప్లాట్‌ఫారం మీది చుట్టాన్ని వెతుక్కున్న ఎవరికైనా ఇది బొమ్మ కట్టి చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే ముగ్గురు సాక్షులు ఆ జంటను రైలెక్కుతుండగా చూడడం తటస్థమా? అక్కణ్ణుంచి నవలంతా టైంటేబుళ్ళు, ప్రయాణికుల జాబితాలు, ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవి దాకా సాగిన అలిబీ, అంటే నేరం జరిగినప్పుడు నేను వేరేచోట ఉన్నానని చూపించే రుజువు. హంతకుడెవరో దాదాపు ముందే తెలుసు, అలిబీ పగలగొట్టడమే పని. ఇప్పటి పాఠకుడికి ఒక చోట విసుగు తప్పదు. మనకు పది నిమిషాల్లో తట్టే ఒక సంగతి పోలీసులకు తట్టడానికి చాలా పేజీలు పడుతుంది. 1950ల జపాన్‌లో అది మామూలు మనిషికి అందుబాటులో లేని సౌకర్యమని గుర్తుపెట్టుకుంటే కొంత సర్దుకోవచ్చు. పుస్తకం చిన్నది. రెండు కూర్చోడాల్లో అయిపోతుంది.

మత్సుమోతో దెబ్బకు అవినీతి, ఆఫీసులు, మామూలు మనుషుల బతుకుల చుట్టూ తిరిగే నేరకథలదే రాజ్యమైంది. తాళం వేసిన గదులు, వింత భవంతులు పాతకాలపు సరుకైపోయాయి. వాటిని మళ్ళీ వెనక్కి తెచ్చింది సోజి షిమదా 1981 నవల 'ది టోక్యో జోడియాక్ మర్డర్స్'. ఐదింటిలో అన్నిటికన్నా గొప్ప కిటుకు దీనిదే. చదవడానికి అన్నిటికన్నా కష్టం కూడా ఇదే.

1936 ఫిబ్రవరిలో, మంచు పడిన రోజున, ఉమెజావా అనే చిత్రకారుడు లోపల తాళం వేసి ఉన్న తన స్టూడియోలో చచ్చి కనబడతాడు. ఆరుగురు అమ్మాయిల శరీరాల్లోంచి ఒక్కో భాగం తీసి ఒక సంపూర్ణ స్త్రీని తయారుచేస్తానని రాసిన నోటు దొరుకుతుంది. అతను చచ్చిపోయాక ఆ పథకం ప్రకారమే ఆరు శవాలు జపాన్ నలుమూలలా బయటపడతాయి. నలభై ఏళ్ళు దాటినా ఎవరూ తేల్చలేని ఆ కేసును 1979లో మితరాయి అనే జ్యోతిష్కుడు చేపడతాడు. పుస్తకం ఆ నోటుతోనే మొదలవుతుంది. గ్రహాలు, లోహాలు, అక్షాంశ రేఖాంశాల లెక్కలతో నిండిన ఆ అధ్యాయం దగ్గరే చాలామంది పుస్తకం మూసేస్తారు. ఆ అంకెలు బట్టీ పట్టనక్కర్లేదు, తల్లోకి ఎక్కకపోయినా ముందుకు సాగిపోండి. ఏ శవం ఎప్పుడు దొరికింది, ఎంత లోతులో దొరికింది, ఏ భాగం లేదు అన్నది మాత్రం ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. మధ్యలో కియోటోలో తిరిగే భాగం బాగా సాగదీత. రచయిత రెండుసార్లు కథ ఆపి, ఆధారాలన్నీ మీ చేతికిచ్చేశాను, ఇక చెప్పండి అని పాఠకుడికి సవాలు విసురుతాడు. మొదటి సవాలు దగ్గర నిజంగానే పుస్తకం పక్కన పెట్టి ఆ కాగితం తీయండి. సమాధానం వినగానే ఇంత తేలికా అని నుదురు కొట్టుకుంటాం. నాకు తెలిసినంతలో కొలతకు నూటికి నూరు పాళ్ళు సరిపోయిన నవల ఇదే.

యుకితో అయత్సుజి 'ది డెకగాన్ హౌస్ మర్డర్స్' 1987లో వచ్చి ఆ కొత్త కెరటాన్ని ఉద్యమం చేసింది. పది కోణాల ఇంట్లో, ఒక దీవి మీద, యూనివర్సిటీ మిస్టరీ క్లబ్బు విద్యార్థులు ఏడుగురు ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. ఒడ్డున ఉన్న ఇద్దరు పాత కేసు ఒకటి తవ్వుతుంటారు. విద్యార్థుల ముద్దుపేర్లు ఎలరీ, కార్, పో, అగాథా, ఇలా పాశ్చాత్య రచయితలవి. మనుషులు అట్టబొమ్మలే, ఒకరి గొంతు ఇంకొకరికి తేడా తెలియదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, రాజుల చలాకీతనానికి అలవాటుపడ్డ పాఠకుడికి మొదటి సగం చప్పగా ఉంటుంది. అయినా చదవాల్సింది ఒకే ఒక్క వాక్యం కోసం. ఆ వాక్యం దగ్గర కింద నేల జారుతుంది. కాబట్టి ఇంకా ఎన్ని పేజీలున్నాయో చూద్దామని చివరి భాగం తిరగేయకండి, కంట పడిందంటే డబ్బు దండగ. 2024లో జపాన్‌లో సిరీస్ కూడా తీశారు, పుస్తకం అయ్యాకే దాని జోలికి వెళ్ళండి. నా ఫిర్యాదల్లా ఆ వాక్యం తర్వాతిదే. హంతకుడి సుదీర్ఘ సంజాయిషీ మిగులుతుంది, డిటెక్టివ్ చేసే తర్కం పెద్దగా లేదు. ఊహించి పట్టుకోవచ్చు గానీ ఆధారాలతో నిరూపించడం పాఠకుడికి కుదరదు.

సెయిషి యొకోమిజో 'ది హోన్‌జిన్ మర్డర్స్' వయసులో అన్నిటికన్నా పెద్దది, 1946 సీరియల్. అయినా చివర్న చదవమంటాను. 1937 నవంబరు, ఒకాయామా ప్రాంతపు పల్లె, పెద్దింటి పెళ్ళి. ఆ తెల్లవారుజామున కొత్త దంపతుల గదిలోంచి కేకలు, కోటో అనే తంత్రీవాద్యం తీగల మోత. తలుపులన్నీ లోపల గడియ వేసి ఉన్నాయి. కత్తి బయట మంచులో ఉంది, చుట్టూ అడుగుజాడ లేదు. చెక్కతో, కాగితంతో కట్టే జపాన్ ఇంట్లో మూసిన గది హత్య పొసగదన్న సందేహానికి ఇదే జవాబు. నలిగిన హకామా (వదులుగా ఉండే జపాన్ సంప్రదాయ దుస్తు) తొడుక్కుని తల గోక్కునే డిటెక్టివ్ కిందాయిచి తొలిసారి కనబడేది ఇందులోనే, అదీ కథ చాలా దూరం నడిచాక. యాంత్రికమైన కిటుకు, చాలా వస్తువులు సరైన క్షణంలో సరిగ్గా పనిచేయాలి. ఒక్కటి బెసికినా అంతా బయటపడేది. దానికన్నా ఆ ఇంటి వంశగౌరవపు పిచ్చి, దాన్ని రచయిత చూపించిన తీరు బాగుంటాయి.

చివర్న ఎందుకంటే, ఆఖరి అధ్యాయంలో కథకుడు తన మాటల గారడీని విప్పుతూ అగాథా క్రిస్టీ 1926 నవల 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' పేరెత్తుతాడు. అది చదవనివాళ్ళకు ఒకే దెబ్బకు రెండు పుస్తకాల రుచి పోతుంది. డెకగాన్‌కు ముందు క్రిస్టీదే 1939 నవల 'అండ్ దెన్ దేర్ వర్ నన్' చదివి ఉంటే మంచిది. అయత్సుజి ఏ అచ్చును తిరగేస్తున్నాడో తెలుస్తుంది.

కొనేటప్పుడు ఇంకో సంగతి. 'పాయింట్స్ అండ్ లైన్స్', 2022లో వచ్చిన 'టోక్యో ఎక్స్‌ప్రెస్' ఒకే నవలకు రెండు అనువాదాలు, రెండూ కొనకండి. పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. జపాన్‌లోనూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరు అనువాదకులు దాన్ని తిరగేస్తారు, కొందరు ఉన్నదున్నట్టు ఉంచుతారు. మొదట్లో పాత్రల జాబితా ఉంటే అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. జోడియాక్‌లో అక్కచెల్లెళ్ళ పేర్లకు దాని అవసరం మాటిమాటికీ పడుతుంది.